పటంలో వేసిన వంతెన

లేని రాజ్యానికి పటం గీసి, ఉన్న ఊరినంతా బందరు ఆఫీసు దాకా నడిపించిన ఘనుణ్ణి నేను. ఆ రోజు ఆఫీసు బల్ల కింద దూరడానికి చోటుందేమోనని చూశాను కూడా. ఫైళ్ళున్నాయి. ఎలా జరిగిందో చెప్తాను. మీరు నవ్వినా నాకు అభ్యంతరం లేదు. మా అక్క ఇన్నేళ్ళుగా నవ్వుతూనే ఉంది.

దివిసీమలో ఉప్పెన వచ్చి రెండేళ్ళయింది. నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. గుడివాడలో ఒక ట్యుటోరియల్లో పదో తరగతి వాళ్ళకి లెక్కలు చెప్పేవాణ్ణి. మిగతా సమయంలో మహారచయితని, కాకపోతే ఆ సంగతి ఇంకా నాకొక్కడికే తెలుసు. పదిహేనేళ్ళ పిల్లలు చదువుకోవడానికి మాయలూ సాహసాలూ ఉన్న నవల కావాలని ఒక పత్రిక ప్రకటించింది. వెంటనే ముప్ఫై పేజీలు రాసేశాను. మంచుకొండ, దాని మీద వజ్రాల కోట. గర్వం ఆపుకోలేక క్లాసులో చదివి వినిపించాను.

రెండో బెంచీలో కూర్చునే రాజ్యలక్ష్మి లేచింది. "మంచు మీద నడిస్తే చెప్పులకి అంటుకుంటదా మాస్టారూ, జారిపోతదా?"

నాకు తెలియదు. మంచు అంటే నేను చూసింది సోడా కొట్టులో రంపపు పొట్టు కప్పిన ఐసుగడ్డ ఒక్కటే. ఆ అమ్మాయి అడిగి కూర్చుంది. నా కొండ కరిగి బెంచీల కిందికి పారింది.

చూడని లోకం గురించి రాస్తే ఇంతేనని అర్థమైంది. సరే, చూసిన నేల మీదే మాయ కట్టాలి. నాగాయలంక అవతల, అక్క అత్తవారి ఊళ్ళో, మడ అడవులున్నాయి, ఉప్పుటేరుంది, పేరు తెలియని పక్షులున్నాయి. దసరా సెలవులకి బయల్దేరాను. డ్రాయింగు షీట్ల చుట్టా, డ్రిల్లు మాస్టారి దగ్గర అడిగి తెచ్చిన పొడవాటి టేపూ, తల మీద టోపీ, నల్ల కళ్ళద్దాలు. ఆ వేషంలో నన్ను చూసినవాళ్ళు ఏమనుకుంటారో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. నాకే తెలియలేదు.

ఊరిని ఒక కాలువ రెండు ముక్కలు చేస్తుంది. ఇళ్ళు ఇవతల, బడీ బస్సూ అవతల. మధ్యనున్న కాలిబాట వంతెన ఉప్పెనలో కొట్టుకుపోయింది. దాని బదులు రెండు తాటిదుంగలు వేసుకున్నారు. పుస్తకాల సంచులు నెత్తిన పెట్టుకుని, చేతులు చాచి, ఆడపిల్లలు ఒకరి వెనక ఒకరు వాటి మీద నడిచి వెళ్ళడం చూశాను. నా కథానాయిక దొరికింది. పద్నాలుగేళ్ళ పిల్ల, మొసలిరాజు కోటకి ఒంటరిగా వెళ్తుంది. ఆమె కోసం ఒక వంతెన కావాలి. టేపు ఒక కొస దుంగకి కట్టి కాలువ వెడల్పు కొలిచాను. వెదురుగడతో గట్టు ఎత్తు చూశాను. అక్కడే గొంతుక్కూర్చుని పటం గీయడం మొదలుపెట్టాను.

నీడ పడితే తలెత్తాను. ఊరి ప్రెసిడెంటు వెంకటరత్నంగారు.

"ఎన్ని అడుగులొచ్చింది సార్?"

"నలభై రెండండీ."

"వంతెన బరువు మోస్తదంటారా?"

"నాలుగు ఏనుగులు ఒకేసారి నడిచినా కదలదండీ," అన్నాను. రాజుగారి ఏనుగులు నా మనసులో ఉన్నాయి.

"మాకేనుగులు లేవులెండి. ఎడ్లబండి ఎళ్తే చాలు. ఎప్పటికవుద్ది?"

"సంవత్సరాఖరికి పూర్తిచేసి పంపాలండీ. వాళ్ళకి నచ్చితే వెంటనే తీసుకుంటారు."

ఆయన నాకు రెండు చేతులెత్తి నమస్కారం పెట్టారు. పాఠకుల అభిమానం అంటే ఇదే కాబోలనుకున్నాను.

సాయంత్రానికి అక్క గుమ్మంలో ఒక గెల కొబ్బరిబోండాలూ, బుట్టెడు పీతలూ దిగాయి.

"వాళ్ళకేం చెప్పావురా?" అంది అక్క.

"కథ గురించే చెప్పాను."

"వాళ్ళు వంతెన గురించి విన్నారు. నిన్ను సర్వేకొచ్చిన ఆఫీసరనుకుంటన్నారు. ఇప్పుడే ఎళ్ళి కాదని చెప్పిరా."

"రేపు చెప్తాను."

ఇదిగో, నేను చేసిన తప్పు ఇక్కడుంది. అప్పటిదాకా జరిగింది పొరపాటు. కానీ జీవితంలో మొదటిసారి పెద్దవాళ్ళు నన్ను సార్ అన్నారు. ఆ మాట బెల్లంపాకంలా చెవిలో సాగుతోంది. పీతల కూర కూడా బాగుంది.

పొద్దున్నే సీతారావమ్మగారు వచ్చింది. కాలువ గట్టున పాక వేసుకుని రెండు గేదెల్ని మేపుకునే ముసలావిడ.

"నా గొడ్లపాకలోకి దించావంట గదయ్యా వంతెన," అంది.

"మామ్మగారూ, అది నిజంగా..."

"నే కాదనట్లేదు. రెండేళ్ళ నుంచీ ఊరంతా అడుగుతంటే మొండికేసినదాన్నే. మొన్న నా మనవరాలు ఆ దుంగ మీంచి పడింది. ఈత రాదు దానికి. ఎవరో జుట్టు పట్టుకుని లాగారు. పాక ఎటు జరపాలో అది చెప్పు చాలు."

కాదన్నట్టు చెయ్యి ఊపాను. ఆవిడ నేను పొలం వైపు చూపించాననుకుని వెళ్ళిపోయింది. మధ్యాహ్నానికి పాక విప్పేసింది. గేదెలు ఎండలో నిలబడి నావైపే చూస్తున్నాయి. నేను తలనొప్పని చెప్పి సాయంత్రం బస్సుకి గుడివాడ పారిపోయాను. కంగారులో పటం అక్క ఇంట్లోనే వదిలేశాను.

పదిరోజులకి అక్క ఉత్తరం రాసింది. "నీ పటం పట్టుకుని ప్రెసిడెంటుగారు ఇరవైమందితో సోమవారం బందరు ఇంజనీరు ఆఫీసుకి వెళ్తున్నారు. నువ్వు వచ్చి నిజం చెప్పు. రాకపోతే నా గడప తొక్కొద్దు."

వెళ్ళాను. ఇంజనీరుగారు షీటు బల్ల మీద పరిచి చాలాసేపు చూశారు.

"ఈ మొసలిరాజు కోట ఏ సర్వే నంబరండీ?"

ఇరవైమందీ నా వైపు తిరిగారు.

"అది కథండీ," అన్నాను. "నేను ఆఫీసర్ని కాను. లెక్కల మాస్టర్ని. మొదటిరోజే చెప్పాల్సింది. మీరు సార్ అంటుంటే బాగుండి చెప్పలేదు."

ఇరవైమందీ షీటు మీదికి వంగి ఆ కోటని చూశారు. తిట్టి ఉంటే కాస్త హాయిగా ఉండేది. సీతారావమ్మగారు మెల్లగా అడిగింది. "అయితే నా పాక ఉత్తినే తీసేశానా నాయనా?"

నేను బల్ల కిందికి చూసింది అప్పుడే.

అప్పుడు పక్కబల్ల దగ్గర పటాలు గీసే కరీంగారు లేచి వచ్చారు. కళ్ళజోడు పైకి నెట్టుకుని వంగి చూశారు. "వెడల్పూ గట్టు ఎత్తూ మన ఫైలుతో సరిగ్గా సరిపోయాయండీ. మాస్టారూ, ఈ కాలువ సముద్రంలో బయల్దేరి కోట మీదికి పారుతోంది. ఇది మాయేనా?"

"కాదండీ. తప్పు."

"మాయలోకమైనా నీళ్ళు ఎటు పారాలో ముందు తేల్చుకోండి. తర్వాత మీరేం చెప్పినా నమ్ముతారు." నవలలు రాయడం గురించి నాకు అందిన మొదటి పాఠం అదే.

ఇంజనీరుగారు మాత్రం ఒక్క మాటే పట్టుకున్నారు. "పాక తీసేశారా? ఆ స్థలం ఖాళీ అయిందా?"

"అయిందండీ," అన్నారు ప్రెసిడెంటుగారు.

"వంతెన ఎక్కడ దింపాలో మీ ఊళ్ళో తేలకే గదండీ ఈ ఫైలు ఆగింది. ఇక్కడ సంతకాలు పెట్టండి."

సీతారావమ్మగారు అందరికంటే ముందు వేలిముద్ర వేసింది. మరుసటి ఎండాకాలం కాలువలకి నీళ్ళు కట్టేసినప్పుడు పని మొదలైంది. వర్షాలకి ముందే ఆడపిల్లలు చేతులు చాచకుండా, కబుర్లు చెప్పుకుంటూ బడికి వెళ్ళారు. సీతారావమ్మగారి కొత్త పాకకి రాటలు పాతడానికి నేనే వెళ్ళాను. రెండు వంకరగా వచ్చాయి.

నవల మళ్ళీ మొదటినుంచి రాశాను. ఈసారి నీళ్ళు పైనుంచి కిందికే పారాయి. అచ్చయింది. ఆ పత్రికలు పట్టుకుని ఊరికి వెళ్తే, సీతారావమ్మగారి మనవరాలు గట్టు మీద కూర్చుని ఊరందరికీ చదివి వినిపించింది. చివరిమాట అయ్యాక ప్రెసిడెంటుగారు లేచి గొంతు సవరించుకున్నారు.

"బాగా రాశారు మాస్టారూ. వచ్చే కథలో ఒక ఆసుపత్రి పెట్టండి. స్థలం మేం చూసి ఉంచుతాం."

ఆ గట్టు మీదే, తూర్పుకి తిరిగి, ఊరందరి సాక్షిగా ప్రమాణం చేశాను. ఇక జన్మలో టేపు పట్టుకుని కథ రాయను. సార్ అని ఎవరైనా పిలిస్తే, ఇది కథేనండీ అని చెప్పాకే పలుకుతాను. ఆసుపత్రి అవసరమైతే మాత్రం, నిమిషం ఆలస్యం చేయకుండా, పెన్సిలుతో గీస్తాను.