పొత్రం పడిన చోట

నా చిన్నప్పుడు అని మొదలుపెట్టబోయాను గానీ, అప్పటికే నాకు పదహారేళ్లు. తాండూరులో ఇంటర్ మొదటి సంవత్సరం. ఆ వారం ఫిజిక్స్ సార్ ఒక లెక్క ఇచ్చారు. పది కిలోల బరువు రెండు తాళ్లకు వేలాడుతోంది. తాళ్లు చెరో పక్కకు, అడ్డగీతకు ముప్పై డిగ్రీల వాలులో ఉన్నాయి. ఒక్కో తాడులో తన్యత, అంటే లాగుడు, ఎంత?

గైడులో చూస్తే, ఒక్కో తాడు మీదా పది కిలోల బరువంత అని ఉంది. ఇద్దరు మోస్తే చెరి సగమే కదా, అచ్చుతప్పు అనుకున్నాను. అయినా దాని కింది వివరణతో సహా ఉన్నది ఉన్నట్టు దించేశాను. సార్ ఎర్ర సిరాతో టిక్కు పెట్టారు.

ఆ ఆదివారమే పక్కింటి అక్క కూతురికి తొట్టెల పండుగ, పాపను మొదటిసారి ఊయలలో వేసే వేడుక. కాన్పుకు అక్క పుట్టింటికి వచ్చింది. వాళ్లమ్మను నేను పెద్దమ్మా అనేదాన్ని. వరండాలో రెండు రాతి స్తంభాల మధ్య తాడు కట్టి, దాని నడుమ చీరతో తొట్టెల వేశారు. పెద్దమ్మ తాడును బాగా వదులుగా, కిందికి వంగేలా కట్టింది. నాకు నచ్చలేదు.

"గిట్ల జారితే ఫొటోల మంచిగ రాదు పెద్దమ్మా. నేను గుంజి కడ్త."

"తెగుతదేమో బిడ్డా."

"ఎట్ల తెగుతది? సగం బరువు ఈ దిక్కు, సగం ఆ దిక్కు. మేం గదే సదువుతున్నం."

"సదువుకున్నదానివి, నీకే ఎరుక" అని నవ్వి కొస నా చేతికిచ్చింది. తాడు గీత గీసినట్టు నిలిచేలా బిగించాను.

పాపకన్నా ముందు, మసాలా నూరే పొత్రాన్ని బట్టలో చుట్టి తొట్టెలలో పడుకోబెట్టి ఊపడం మా దిక్కు ఆనవాయితీ. "రాయికి గూడ జోలపాట పాడ్తవా పెద్దమ్మా?" అన్నాను. అందరూ నవ్వారు. పెద్దమ్మ రెండోసారి ఊపగానే తాడు తెగింది. పొత్రం కింద పడి నేల మీది బండ పగిలింది. అక్క పాపను ఎత్తుకుని ఆ పక్కనే నిలబడి ఉంది.

నేను తల ఎత్తలేదు.

"తాడు పాతది. నేనే సూస్కోలే" అంది పెద్దమ్మ.

అక్క అత్తగారు ఊరుకోలేదు. "మనుమరాలి తొట్టెలకు పాత తాడే దొరికిందా వదినె నీకు?" అంది అందరి ముందూ. పెద్దమ్మ వంగి పగిలిన ముక్కలు ఏరింది.

అది కొత్త తాడు. ముందురోజు బజారులో నేనే పక్కనుండి కొనిపించాను. ఆ మాట నా నోట రాలేదు.

పెద్దమ్మ ఇంకో తాడు తెచ్చి, ఒక కొస నన్నే పట్టుకోమంది. "ఇడువు బిడ్డా. జర ఇంకా ఇడువు" అంటూ మొదటిలాగే వదులుగా కట్టించింది. మళ్లీ పొత్రాన్నే ముందు వేసింది. చాలాసేపు ఊపాకే పాపను పడుకోబెట్టింది.

ఇంటికి వెళ్లి నోటుబుక్కు తీశాను. తాడు ఎంత అడ్డంగా బిగిస్తే లాగుడు అంత పెరుగుతుందని నా చేతిరాతలోనే ఉంది, నేను నమ్మని జవాబులో. దాని పక్కనే ఎర్ర టిక్కు.

ఇప్పుడు వికారాబాద్‌లో ఉంటున్నాను. నా బిడ్డకు నాలుగో నెల. ఇనుప గొలుసుల ఊయలే అయినా రోజూ ముందు పొత్రం వేసి ఊపి చూస్తాను. మా ఆయన నవ్వుతాడు. మొన్న పెద్దమ్మ పాపను చూడ్డానికి వచ్చి, ఊయలలో ఆ రాయిని చూసి నా తల నిమిరింది. తాడు కొత్తదే పెద్దమ్మా అని అప్పుడైనా అనాల్సింది. చాయ్ పెడతానని లోపలికి వెళ్లిపోయాను.