కాటా గదికి వచ్చిన పలకరింపు

మండపేటలో రైసుమిల్లు కాటా గదిలో రోజంతా నేనొక్కడినే ఉంటాను. లారీ బరువు తూచి ప్రింట్ నొక్కగానే మా సాఫ్ట్‌వేర్ దానంతటదే మూసుకుపోతుంది. ఎనిమిది నెలల క్రితం ఆ కంపెనీ వాళ్ల సపోర్ట్ ఫోరంలో అడిగాను. ఒక్కరూ పలకలేదు.

ఈ మధ్యాహ్నం జవాబొచ్చింది. ఆత్రంగా తెరిస్తే, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు.

“మాది పిఠాపురమండి. మా కాటాకీ ఇదే గొడవండి. మీకేమైనా తెలిసిందా అండి?”

“లేదండి,” అని రాశాను.

“పోన్లెండి. భోజనం చేశారా?”

నేను జవాబు టైపు చేస్తుండగానే మోడరేటర్ ‘విషయానికి సంబంధం లేని సంభాషణ’ అంటూ ఇక ఎవరూ ఏమీ రాయకుండా ఆ పేజీ లాక్ చేసేశాడు. ఎనిమిది నెలల్లో ఆయన చేసిన పని అదొక్కటే.

పిఠాపురం కాటా ఆయన మీలో ఎవరికైనా తెలిస్తే, నేనింకా తినలేదని చెప్పండి.