కదపకుండా పధ్నాలుగు రోజులు

ఆ రోజుల్లో మనిషికి మనిషి దూరంగా ఉంటేనే క్షేమమని లోకమంతా నమ్మింది. నేనూ నమ్మాను గానీ, పాటించే దగ్గర కాస్త తేడా వచ్చింది. మ్యూనిక్ పక్కన గార్చింగ్‌లో పీహెచ్‌డీ మూడో ఏడు. ల్యాబ్‌లో జనం గుమిగూడకూడదని మమ్మల్ని రెండు షిఫ్టులుగా విడగొట్టారు. పొద్దున నేను, మధ్యాహ్నం పీహెచ్‌డీ ముగించి వరంగల్ నుంచి పోస్ట్‌డాక్‌గా వచ్చిన, నేను అన్నయ్య అని పిలిచే ఆయన. ఒక షిఫ్టువాళ్లు రెండో షిఫ్టువాళ్ల కంటపడకూడదని తలుపు మీద కాగితం కూడా అంటించారు. (ఆ కాగితాన్ని అంటించింది నేనే. అందుకే దాని మీద నాకు పెద్దగా గౌరవం లేకపోయింది.)

నా చదువంతా ఒక రాగి సమ్మేళనం చుట్టూ తిరిగేది. ఆకుపచ్చగా ఉన్నప్పుడు అది ఇంచుమించు చదునుగా ఉంటుంది. దానికి ఒక్క ఎలక్ట్రాన్ ఇచ్చామంటే ఎర్రబడుతుంది. ఆ ఒక్కదాని కోసం రాగి చుట్టూ ఉన్నవన్నీ మెలితిరిగి సర్దుకుంటాయి, భోజనాల బంతిలో ఆలస్యంగా వచ్చిన ఒక్క మనిషి కోసం వరుసంతా జరిగినట్టు. అయితే రంగు చూసి ఇలా అనుకోవడమే తప్ప, రుజువు చెయ్యాలంటే ఎర్ర స్ఫటికం పెంచి ఎక్స్‌రే కింద పెట్టాలి. ఆకుపచ్చ స్ఫటికం దొరికింది. ఎర్రది ఎంతకీ రాలేదు. మా ప్రొఫెసరు (చాటుగా పెద్దాయన అనేవాళ్లం) వీడియో కాల్‌లో కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "మార్చిలోగా ఎర్రది చూపిస్తే నీ కాంట్రాక్టు పొడిగిస్తాను. లేకపోతే కష్టం" అన్నారు. కాంట్రాక్టు లేకపోతే వీసా లేదు, వీసా లేకపోతే సగం థీసిస్ సంచిలో పెట్టుకుని కాకినాడ వెళ్లిపోవడమే. ఆ మాట విన్న రోజు రెండు పూటలు అన్నం సహించలేదు.

ఎర్రదానికి గాలి తగిలిందా, ఆ ఎలక్ట్రాన్‌ను ఆక్సిజన్ లాగేసుకుంటుంది. అందుకని నైట్రోజన్ నింపిన గాజు పెట్టెలో, దాని రబ్బరు గ్లవ్స్‌లోకి చేతులు దూర్చి పనిచేయాలి. చిన్న సీసాలో ద్రావణం, దాని మీద ఈథర్ పొర. రెండూ తమంతట తాము మెల్లగా కలిస్తే స్ఫటికం, కదిపి కలిపితే ఉత్త పొడి. అన్నయ్య మొదటి రోజే ఫోన్‌లో హెచ్చరించాడు. "చెల్లె, సీసా జోలికి పోకు. ఎప్పుడు చూసినా మనసు గుంజుతది, ఆగాలె." ఇంట్లో అమ్మదీ ఇదే గోల. చిన్నప్పుడు తోడు పెట్టిన పెరుగు గిన్నె నేను గంటకోసారి వంచి చూస్తుంటే, "ఒసేయ్, అలా కదిపితే ఎలా తోడుకుంటుందే!" అని వీపు మీద ఒకటి వేసేది.

నేను రోజూ పొద్దున్నే ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారే, సీసాను పైకెత్తి లైటుకు ఎదురుగా పట్టుకుని చూసేదాన్ని. చూసి, షిఫ్టు నోటుబుక్కులో "కదపలేదు" అని రాసి సంతకం పెట్టేదాన్ని. కింద అన్నయ్య ముత్యాల్లాంటి అక్షరాలతో "నేనూ కదపలేదు" అని రాసేవాడు. ఆ అక్షరాలు చూసి సిగ్గుపడేదాన్ని. సిగ్గుపడి, మర్నాడు మళ్లీ ఎత్తేదాన్ని. ఆరు వారాల్లో మూడు సీసాలు పొడి అయ్యాయి.

ఇలా ఉండగా మా ఇద్దరికీ ఇంకో తప్పు అలవాటైంది. షిఫ్టు మారే వేళకు యూ-బాన్ మెట్రో స్టేషన్ పక్క బెంచీ మీద కలుసుకునేవాళ్లం. అన్నయ్య గోంగూర పచ్చడి తెచ్చేవాడు, నేను పులిహోర. చలికి వణుకుతూ, మాస్కులు గడ్డం కిందికి లాగి, తెలుగులో మాట్లాడుకుంటూ తినేవాళ్లం. ఆ శీతాకాలం నేను ఎదురుగా కూర్చుని మాట్లాడిన మనిషి ఆయనొక్కడే. దానికోసం నియమం తప్పినందుకు నాకు ఇప్పటికీ పశ్చాత్తాపం లేదు.

ఫిబ్రవరిలో, నాలుగో సీసా పెట్టిన మర్నాడే, అన్నయ్యకు పాజిటివ్ వచ్చింది. ఆరోగ్యశాఖవాళ్లు ఎవరెవరిని కలిశావని అడిగితే పాపం ఆయన నిజం చెప్పాడు. నేనూ పధ్నాలుగు రోజులు గదిలోనే. అదృష్టం కొద్దీ ఆయనకు జ్వరంతోనే సరిపోయింది. నాకు మాత్రం సీసా బెంగ పట్టుకుంది. నాలుగో రోజు ఆయనే ఫోన్ చేశాడు.

"చెల్లె, సీసా ఎట్లున్నదో ఏమో. చూడకపోతే పానం ఊకుంటలేదు."

"అదేంటన్నయ్యా, మీరు రోజూ చూస్తారా?"

చాలాసేపు దగ్గాడు. అందులో సగం దగ్గు కాదని నాకు అర్థమైంది.

"జర లేపి చూస్త, అంతే. ఒక్కసారి. నువ్వు లేపవు గద, ఏం కాదనుకున్న."

"నేనూ అదే అనుకున్నానన్నయ్యా" అన్నాను. అవతల నవ్వు, మళ్లీ దగ్గు. ఈసారిది నిజం దగ్గే.

పదిహేనో రోజు ఇద్దరం వెళ్లేసరికి పెద్దాయన ల్యాబ్‌లోనే ఉన్నారు, బెంచీ సంగతి తేల్చడానికి. ముగ్గురం గాజుపెట్టె ముందు దూరదూరంగా నిలబడ్డాం. సీసా అడుగున ఎర్రటి స్ఫటికాలు, దానిమ్మ గింజల్లా. నాకు ఏడుపొచ్చింది. పెద్దాయన తిట్టడానికి తెరిచిన నోరు అలాగే ఉంచి, "ఈసారి కొత్తగా ఏం చేశారు?" అని అడిగారు.

"ఏమీ చేయలేదండి" అన్నాం ఇద్దరం ఒక్కసారే. ల్యాబ్‌లో సీసా గురించి మేం చెప్పిన మొదటి నిజం అదే. ఎక్స్‌రేలో ఎర్రది మెలితిరిగే కనిపించింది. కాంట్రాక్టు మీద సంతకమూ పడింది, బెంచీ గురించి చీవాట్లు తిన్న తర్వాత.

ఇప్పుడు అన్నయ్య వరంగల్‌లో పాఠాలు చెబుతున్నాడు. నేను ఇక్కడే మ్యూనిక్‌లో ఉద్యోగంలో స్థిరపడ్డాను. ఇద్దరం ముప్పైలు దాటి బుద్ధిమంతులమయ్యామని ఊళ్లో పేరు. నిన్న పెరుగు తోడు పెట్టి, ఆయనకు "కదపలేదు" అని మెసేజ్ పెట్టాను. "నమ్మిన చెల్లె" అని జవాబొచ్చింది. అది చదివి నవ్వుకుంటూ గిన్నె మీద మూత మళ్లీ పెట్టేశాను.