పుత్తూరు కట్టుకు ముగ్గురం

చిత్తూరు నుంచి పుత్తూరుకు ఎముక కట్టించుకోవడానికి వెళ్ళేవారికి దారి చెబుదామని ఇది రాస్తున్నాను. మధ్యలో నా కోపం అడ్డం వస్తే ఓర్చుకోండి. అదీ దారిలో తగిలిందే.

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన ఏడాది చలికాలం. మా తమ్ముడు చెంగల్రాయుడు పటాలంలో లారీ డ్రైవరు. కుడిచెయ్యి మోచేతి కింద విరిగి ఇంటికి వచ్చాడు. తూటా తగిలి కాదు. అతనూ తోటి డ్రైవరు దావీదూ ఒకరినొకరు కోరుకున్నవాళ్ళని అక్కడ బయటపడింది. మగవాడు మగవాణ్ణి కోరుకోవడం వాళ్ళ చట్టంలో నేరమట. ఇద్దరినీ గదిలో వేసి బాదారు. చెయ్యి అక్కడే విరిగింది. ఆ తర్వాత ఉద్యోగం పీకేసి పంపేశారు. ఎముక వంకరగా అతుక్కుంటే వాడు మళ్ళీ లారీ తోలలేడు. ఆ పని తప్ప వాడికి మరో పని రాదు.

నాయన దగ్గర వాడు ఏమీ దాచలేదు. నాయన కొడుకును లోపలికి రానిచ్చాడు గానీ, వాణ్ణి ఇంటిదాకా తెచ్చి దింపిన దావీదును మాత్రం "వీడు నా గడప తొక్కగూడదు" అని బయటే ఆపేశాడు. దావీదు వెళ్ళి స్టేషనులో పడుకున్నాడు.

మర్నాడు ఉదయం ఆరున్నర బండికి నేనూ తమ్ముడూ బయలుదేరాం. ఈ బండి కాట్పాడి నుంచే నిండి వస్తుంది, కాస్త ముందుగా వెళ్ళి నిలబడడం మంచిది. దావీదు ఇంకా ప్లాట్‌ఫారం మీదే ఉన్నాడు. పాకాలలో బండి మారి మదనపల్లె పక్కన వాళ్ళ ఊరికి పోతానన్నాడు. ముగ్గురం ఒకే పెట్టె ఎక్కాం.

లోపల పెద్ద మీసాల ముసలాయన ఒకడు, పటాలంలో చిన్న అధికారిగా చేసి పెన్షను తీసుకుంటున్న జమేదారు. తమ్ముడి ఖాకీ చొక్కా చూడగానే "జరగండప్పా, సిపాయి బిడ్డకు సీటు ఇయ్యండి!" అని పక్కవాళ్ళను లేపి మరీ కూర్చోబెట్టాడు. తన ఇడ్లీ పొట్లం విప్పి వాడి ఒళ్ళో పెట్టాడు.

"యాడ తగిలింది దెబ్బ? బర్మాలోనా?"

అవునని ఉంటే రేణిగుంట దాకా సుఖంగా పోయేవాళ్ళం. వాడికి అబద్ధం చేతకాదు. "బర్మాలో ఇరిగింది కాదు తాతా. మా పటాలమోళ్ళే ఇరగ్గొట్టినారు. నేనూ ఈ దావీదూ ఒకటిగా ఉండామని."

జమేదారుకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక మొహం మాడ్చుకున్నాడు. "ఛీ! పటాలం పరువు తీసినారు గదరా! లెయ్, లెయ్ ఆడ్నించి." ఇడ్లీ పొట్లం కూడా లాక్కున్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఏమయ్యా పెద్దమనిషీ! బర్మాలో లారీ బోల్తా పడితే మా తమ్మున్ని బుజాన ఏసుకోని బురదలో నడిచింది ఈ దావీదే. ఆ పొద్దు మీ దొర శభాష్ అన్నాడంట. ఆ చేతులే గదా ఇవి? ఊర్లో మేళం పెట్టి పటాలంలోకి పిల్లోళ్ళను తోలుకపోయేటప్పుడు అడిగినారా, నీకు ఎవురంటే ఇష్టమని? ఎదురొమ్ము కొల్చినారు, పండ్లు సూసినారు, అంతే గదా!"

"చట్టం తల్లీ, చట్టం" అన్నాడాయన కిటికీ వైపు తిరిగి.

"కాల్చండి ఆ చట్టాన్ని!" అన్నాను. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. పాకాల దాకా నిలబడే వెళ్ళాం.

పాకాలలో దావీదు మూట తీసుకున్నాడు. తమ్ముడు ఎడమచేత్తో అతని చొక్కా పట్టుకుని "పుత్తూరు దాకా రా" అన్నాడు. దావీదు నా వైపు చూశాడు. నేను దిగి అతనికి కూడా టికెట్టు కొనుక్కొచ్చాను.

తిరుపతిలో గోవిందలు కొడుతూ సగం బండి దిగిపోయింది. రేణిగుంటలో దిగి పెద్ద పట్టాల బండి, అంటే బ్రాడ్‌గేజి బండి, ఎక్కాలి. అది వచ్చేదాకా మేం తెచ్చుకున్న పెరుగన్నం తిన్నాం. పుత్తూరు చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. కట్టుకు పాత గుడ్డ, కోడిగుడ్లు మనమే పట్టుకెళ్ళాలి, గుడ్లు కట్లు కట్టే వీధి మొదట్లోనే అమ్ముతారు.

మేం వెళ్ళిన వైద్యుడి దగ్గర ఒక పద్ధతి ఉంది. ఎముక లాగేటప్పుడు రోగిని వెనకనుంచి ఒకరు వాటేసుకుని కూర్చోవాలి. నేను ముందుకు జరిగాను. వైద్యుడు నన్ను ఆపి తమ్ముణ్ణి అడిగాడు: "ఎవురు పట్టుకుంటే నీ ఒళ్ళు వదులవతాది?"

"దావీదు" అన్నాడు వాడు.

"అయితే కూసో అప్పా, ఎనక."

దావీదు వాడి రొమ్ము చుట్టూ చేతులు వేసి పట్టుకున్నాడు. వైద్యుడు లాగాడు. తమ్ముడు కేక పెట్టి తల వెనక్కి, దావీదు భుజం మీద వాల్చేశాడు. పందిరి కింద వంతు కోసం కూర్చున్న పదిమంది చూశారు. ఒక ముసలమ్మ "అట్లే పట్టుకో నాయనా, ఇడసొద్దు" అంది. ఆకుపసరు, గుడ్డుసొన పూసిన గుడ్డ చుట్టి వెదురుబద్దలు కట్టేదాకా దావీదు వదల్లేదు. ఈ పట్టుకే గదా ఆ పాపిష్టివాళ్ళు చెయ్యి విరిచింది! నాకు ఏడుపొచ్చింది, కోపంతో.

"లారీ తోల్తాడా సామీ?" అని అడిగాను.

"మూడు కట్లు పడితే తోల్తాడు. ఈ పొద్దు పట్టినోడే మూడు కట్లకూ పట్టుకోవాల. మనిషి మారితే ఒళ్ళు బిగుసుకుంటాది, ఎముక పక్కకు పోతాది."

ఆ రాత్రి సత్రం వసారాలో పడుకుని పొద్దున్నే తిరుగు బండి ఎక్కాం. పాకాల రాగానే దావీదు మళ్ళీ మూట తీసుకున్నాడు. "కట్టు నాటికి వస్తాలే అక్కా" అన్నాడు.

"యాడికి పోతావు? కూసో" అన్నాను.

చిత్తూరు స్టేషను బయట నాయన ఎద్దుబండితో ఉన్నాడు. దావీదును చూడగానే మొహం తిప్పుకున్నాడు. నాయన కాలు ఒకప్పుడు పుత్తూరులోనే అతికింది. అక్కడి వైద్యుడి మాటంటే ఆయనకు వేదం. పట్టినవాడే మూడు కట్లకూ పట్టాలన్న మాట పొల్లు పోకుండా చెప్పాను. నాయన ఎద్దుల మెడకింది కాడిపట్టెడలు సర్దాడు.

"బాగా పట్టినాడా?" అన్నాడు.

"బాగా పట్టినాడు నాయనా."

"అయితే బండెక్కమను."

నాయన మెత్తబడ్డాడు. నేను మెత్తబడలేదు, పడను. పుత్తూరు వెళ్ళేవారు గుడ్లు, పాత గుడ్డ మరిచిపోకండి. గట్టిగా పట్టుకునే మనిషిని తోడు తీసుకెళ్ళండి. ఆ మనిషి మీకేమవుతాడని అక్కడ మమ్మల్ని ఎవరూ అడగలేదు. అడిగింది పటాలమే. అడిగి, చెయ్యి విరిచింది.