పాశమైలారం ఇంట్లో పొంగని పాలు

ఇటు దగ్గరికి జరిగి కూర్చోండి, కాళ్లు చాపుకోండి. దయ్యాలు, గాలి సోకడాలు నేనెన్నడూ నమ్మలేదు. ఇప్పుడు చెప్పేది మాత్రం నా చేతుల మీదుగా జరిగింది.

తొంభైల్లో మాట. మా ఆయనది ఫ్యాక్టరీ డ్యూటీ. కిరాయి వస్తే ముసలితనానికి ఆసరా అవుతుందని నా గొలుసు అమ్మి పాశమైలారంలో నాలుగు గదుల ఇల్లు కొన్నాం. అమ్మినవాడు మల్లేశం. తండ్రి చనిపోతూ ఇల్లంతా తనకే వీలునామా రాశాడన్నాడు.

"అక్కచెల్లెండ్లు ఎవ్వరు లేరా?" అని నేనే అడిగాను.

"లేరు వదినా, నేనొక్కణ్ణే."

మా ఆయన ఊళ్లో విచారిస్తే అందరూ ఒక్కడే కొడుకన్నారు. నిజమే, కొడుకు ఒక్కడే! పెళ్లి చేసి పంపిన బిడ్డ పేరు ఒక్క మగాడి నోటా రాలేదు. వకీలు కూడా వారసుల సంగతి చూడకుండానే, ముందు రిజిస్ట్రేషన్ కానివ్వండి అన్నాడు. తలచుకుంటే నా ఒళ్లు ఇప్పటికీ మండుతుంది.

పాలు పొంగించే రోజు పొద్దున్నే మా బర్రె పాలు పిండుకుని వెళ్లాను. మూడు ఇటుకలు పెట్టి, కట్టెలు అంటించి, గిన్నె ఎక్కించాను. మంట బాగా లేచింది. గిన్నె అడుగు నల్లబడింది. పాలు మాత్రం కదలలేదు. వేలు పెట్టి చూస్తే బావి నీళ్లలా చల్లగా ఉన్నాయి. మా ఆయన కూడా పెట్టి చూశాడు.

ఇల్లు అమ్మినవాడని పిలిస్తే వచ్చి కుర్చీలో కూర్చున్న మల్లేశం నవ్వాడు. "నీళ్లు జెర ఎక్కువ కలిపినట్టున్నవ్ వదినా."

"నా బర్రె పాలకు వంక పెడ్తవా? నోరు మూసుకొని కూసో!"

అప్పుడే గడపలో ఒకామె నిలబడింది, కాళ్లనిండా దుమ్ముతో. మల్లేశం ముఖం మాడిపోయింది. "నువ్వెందుకొచ్చినవే?"

"నా అవ్వగారింటికి రానీకి నిన్నడగాల్నారా?"

ఆమె అతని సొంత అక్క సత్తెమ్మ. ఇస్మాయిల్‌ఖాన్‌పేటలో ఉంటుంది. ఇల్లు అమ్మిన సంగతే ఆమెకు తెలియదు. మరి ఇవాళ పాలు పొంగిస్తున్నామని ఎవరు చెప్పారని అడిగాను.

"పొద్దుగాల పొయ్యి కాడ కూసున్న. నన్ను కన్న అవ్వ గొంతు ఇనొచ్చింది. 'మనింట్ల పాలు పెడ్తున్నరు, పో బిడ్డా' అన్నది. అవ్వ సచ్చిపోయి ఏండ్లాయె."

ఆమె గడప దాటి లోపల కాలు పెట్టింది. పాలు ఒక్కసారిగా పొంగి మంటను ఆర్పేశాయి.

సత్తెమ్మ వేసిన కేసు సంగారెడ్డి కోర్టులో ఏళ్లకేళ్లు నడిచింది. వీలునామా దొంగదని తేలి, రెండు గదులు సత్తెమ్మకు పోయాయి. ఆమె మీద నాకు కోపం లేదు, ఆమె హక్కు ఆమె తీసుకుంది. తోడబుట్టినదాన్ని బతికుండగానే లేదన్నాడే, ఆ మల్లేశం ఎదురుపడితే ఈనాటికీ ముఖం మీదే కడిగేస్తాను.

అంత మంట మీద ఆ పాలు ఎందుకు కాగలేదో మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు.

మీ పొయ్యి మీద పాలు ఎవరి ఉసురూ తగలకుండా పొంగాలి. మీ ఇంటి ఆడబిడ్డ ఎప్పుడొచ్చినా మీ తలుపు తెరిచే ఉండాలి. చల్లగా బతకండి.