మొగిలయ్య తనిఖీ

నా పేరు తిరుపతి. నాచారంలో సెలైన్ బాటిళ్లు తయారుచేసే ఒక కంపెనీలో సూపర్‌వైజర్‌ని. ఇరవై ఏళ్లలో నా కింద వందలమంది పనిచేశారు. సగంమంది ముఖాలు కూడా గుర్తులేవు. మొగిలయ్య మాత్రం రోజూ గుర్తొస్తాడు. ఆయన గురించి చెప్పాలంటే నా గురించి కూడా చెప్పుకోక తప్పదు, అదే నాకు కష్టంగా ఉంది.

మొగిలయ్యది మానుకోట దగ్గర పల్లె. బోర్లు ఎండిపోయాక భార్య వెంకటనర్సమ్మను, కూతురు త్రివేణిని వెంటబెట్టుకుని వచ్చి మల్లాపూర్ దారిలో ఒక గది అద్దెకు తీసుకున్నాడు. మా దగ్గర ఆయన పని బాటిళ్లు చూడటం. నిండిన బాటిల్‌ను ట్యూబులైటు ముందు తలకిందులు చేసి, ఒకసారి నల్ల అట్టకు, ఒకసారి తెల్ల అట్టకు ఎదురుగా పట్టి చూడాలి. లోపల నలుసు గానీ దారప్పోగు గానీ కనిపిస్తే పక్కన పెట్టాలి. బాటిల్‌కు పది సెకన్లు. మొదట్లో ఆయనా పది సెకన్లే చూసేవాడు. చూస్తూనే పక్కవాళ్లను నవ్వించేవాడు కూడా.

తర్వాత ఆ నవ్వు పోయింది. ఒక్కో బాటిల్‌ను మూడుసార్లు, నాలుగుసార్లు చూడటం మొదలుపెట్టాడు. షిఫ్టు అయిపోయినా లేచేవాడు కాదు. మూసేసిన పెట్టెలు విప్పించి మళ్లీ చూసేవాడు. ‘అనుమానప్పక్షి’ అని వెనక నవ్వుకునేవాళ్లు. నేను నవ్వలేదు, నాకు లాభం కనిపించింది. మా లైను మీద పదకొండేళ్లలో ఒక్క ఫిర్యాదు రాలేదు. ఆ పేరంతా నాకొచ్చింది. ఆడిట్ వాళ్లు వచ్చిన రోజు ఆయన్ని మొదటి బల్ల దగ్గర కూర్చోబెట్టేవాణ్ణి. కొత్తవాళ్లతో ఆయన్ని చూసి నేర్చుకోమనేవాణ్ణి. రెండుసార్లు సన్మానం చేయించాను. రోగానికి శాలువా కప్పిన మొనగాణ్ణి నేను. ఎద్దు పుండు కాకికి ముద్దు అంటారు కదా, ఆ కాకిని కూడా నేనే.

పోయిన ఎండాకాలం ఒక మధ్యాహ్నం వెంకటనర్సమ్మ ఫోన్ చేసింది. మొగిలయ్య గుమ్మంలోనే కళ్లు తిరిగి పడ్డాడట. వీధి చివర సాంబయ్య అనే ఆర్ఎంపీ దగ్గర పడుకోబెట్టారు. మనవాళ్లకు ఏ నీరసానికైనా బాటిల్ ఎక్కిస్తేనే తృప్తి. సాంబయ్య ఎక్కించాడు. నేను వెళ్లేసరికి మొగిలయ్య మంచం మీద లేచి కూర్చుని, సూది లేని చేత్తో ఆ బాటిల్‌ను కొక్కెం నుంచి తీసి ట్యూబులైటుకు ఎదురుగా తిప్పుతున్నాడు. పైపులోకి ఎర్రగా నెత్తురు వెనక్కి వస్తోంది.

“దీంట్ల ఏదో ఉంది సార్. సూడున్రి,” అన్నాడు నాతో.

“ఇది మూడో బాటిల్ సారూ. రెండు మార్చిన,” అన్నాడు సాంబయ్య. “మస్తు మందికి ఎక్కిచ్చిన గని, బాటిల్‌ను పరీక్ష జేసెటోన్ని ఇప్పుడే జూస్తున్న.”

నేను తీసుకుని చూశాను. నీళ్లు తేటగా ఉన్నాయి. అది చెప్పినా ఆయన పడుకోలేదు.

వెంకటనర్సమ్మ నన్ను బయటికి పిలిచింది. “ఇంట్ల గూడ గిట్లనే సారూ. తాళం ఏసి సందు మూల దాంక పోతడు, మల్లొస్తడు. ఎన్ని మార్లో లెక్కలేదు. అన్నం పెడితే రాయి ఉందేమోనని మెతుకు మెతుకు సూస్తడు. సల్లగైనంక తినకుండ లేస్తడు. త్రివేణి కొడుకు వచ్చి ఒళ్లె కూసుంటే తోసేస్తడు. నా చేతులకెల్లి పిల్లగానికి ఏమన్నైతదంటడు. మీరేమో పనిమంతుడని దండలేస్తిరి. నేనెవరికి చెప్పుకోవాలె?”

హబ్సిగూడలో కమలకుమారి అనే మానసిక వైద్యురాలు ఉందని మెల్లగా చెప్పాను.

“ఎర్రగడ్డ దవాఖానకు తోల్తరా ఏంది? నా మొగడు పిచ్చోడా?” అంది. ఒప్పించడానికి పదిహేను రోజులు పట్టింది. చివరికి ముగ్గురం కలిసి వెళ్లాం.

డాక్టరమ్మ తొందరపడలేదు. రోజుకు ఎంతసేపు పోతుంది, చూడకుండా ఆగితే ఏమవుతుంది, ఆ ఆలోచన మీరు తెచ్చుకుంటున్నారా అదే వస్తోందా అని ఒక్కొక్కటే అడిగింది.

“బాటిల్ బాగానే ఉందని మీకు తెలుసా మొగిలయ్యగారూ?”

“తెల్సమ్మా. కంటికి తెల్సు. లోపట నమ్మకం కుదర్తలేదు. సూడకుంటే పానం ఆగది.”

ఇది పిచ్చి కాదనీ, చాదస్తం కూడా కాదనీ, ఓసీడీ అనే జబ్బనీ చెప్పింది. మందులున్నాయి, చూడకుండా ఆగే అభ్యాసం కూడా నేర్పుతారు, కానీ నెలలు పడుతుంది అంది. ఎప్పుడు మొదలైందో గుర్తుందా అని అడిగింది.

“పదకొండేండ్ల కింద ఒక బాటిల్ వాపస్ వచ్చిందమ్మా. దాంట్ల వెంట్రుక. నేనే పాస్ చేసిన్నట. సార్ అన్నడు, ఆ బాటిల్ పసిపిల్లకు ఎక్కిస్తే నీదే పాపం కాదా అని. నిజమే కదా.”

ఆ సార్‌ని నేనే. ఆ మాట అన్న మర్నాడే బ్యాచ్ కాగితాలు చూశాను. ఆ బాటిల్ ఆయన చూసింది కాదు, వేరే షిఫ్టు వాళ్లది. చెబుదామనే అనుకున్నాను. కానీ అప్పటికే ఆయన చూపు రెట్టింపైంది, పని బాగుంది, ఊరుకున్నాను.

కిందికి దిగాక మెట్రో స్తంభం పక్కన చెరుకు రసం బండి దగ్గర చెప్పేశాను. “ఆ బాటిల్ నీది గాదు మొగిలన్నా. వేరే షిఫ్టోల్లది. తెల్లారే తెల్సింది నాకు. చెప్పలే.”

తిడతాడనుకున్నాను. కొడితే బాగుండుననిపించింది. “పక్కానా సార్?” అన్నాడు. పక్కా అన్నాను. ముఖం ఒక్కసారి తేటపడింది. వెంకటనర్సమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

గ్లాసు సగమైనా తాగకముందే మళ్లీ అడిగాడు. “నంబర్ నువ్వే సూసినవా సార్?” నేనే చూశానన్నాను. రోడ్డు దాటుతూ అడిగాడు. నాచారంలో బస్సు దిగాక అడిగాడు. మర్నాటి నుంచి ఫోన్లు. ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు చెప్పాను, నా పాపానికి అదే ప్రాయశ్చిత్తం అనుకున్నాను.

నెల తర్వాత వెళ్లినప్పుడు డాక్టరమ్మకు ఈ సంగతి తెలిసింది. “ఆయన బాటిల్ బదులు ఇప్పుడు మిమ్మల్ని తనిఖీ చేస్తున్నారు. ఒకసారి చెప్పారు, చాలు. ఇక అడిగినా చెప్పకండి. చెప్పినకొద్దీ జబ్బు ముదురుతుంది,” అంది. మొగిలయ్య కూడా వింటూ సరేనన్నాడు. నేను ఆగి, ఇదంతా నావల్లే వచ్చిందా అని అడిగాను. అది లోపల ఉండే ఉంటుంది, ఆ మాట కాకపోతే ఇంకొకటి దొరికేది అంది. ప్రాణం తేలికపడింది. అందుకు సిగ్గేసింది కూడా. పదకొండేళ్లు నోరు మూసుకుని ఆయనకు అన్యాయం చేశాను. ఇప్పుడు బాగవ్వాలన్నా నేను నోరే మూసుకోవాలట.

ఆయన్ని అట్టపెట్టెల విభాగానికి మార్పించాను. మందులు వేసుకుంటున్నాడు. కొన్ని రోజులు వేడిగా ఉండగానే తింటున్నాడని వెంకటనర్సమ్మ అంటోంది, కొన్ని రోజులు లేదట. మనవణ్ణి ఇంకా ఎత్తుకోలేదు.

నిన్న టీ వేళ నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. టోపీ తీసి చేతిలో నలుపుతున్నాడు.

“సార్, ఒక్కపారి. ఇదే ఆఖరు. ఆ బాటిల్ నాది గాదు గదా?”

ఆయన కళ్లు చూస్తే చెప్పేద్దామనిపించింది. నాలుక దాకా వచ్చింది. ముఖం తిప్పుకుని రిజిస్టర్ తెరిచాను. ఆయన టోపీ మళ్లీ పెట్టుకున్నాడు.

“గట్లయితే నాదేనన్నట్టు,” అని మెల్లగా వెళ్లిపోయాడు.