చప్పుడు లేని కారు

హైబ్రిడ్ కార్లు కొత్తగా వచ్చిన రోజులవి. విశాఖ రైలు ఎక్కించడానికి మా స్నేహితుడు నన్ను తన కారులో నాంపల్లి స్టేషన్‌కి తీసుకెళ్తున్నాడు. మొజంజాహీ మార్కెట్ దగ్గర డాష్‌బోర్డు మీద ఎర్ర హెచ్చరిక వెలిగి కారు ఆగిపోయింది.

సాఫ్ట్‌వేర్ లోపమట. ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే సరిపోతుందన్నాడు మావాడు. ఈలోగా బత్తాయిలు తూస్తున్న దుకాణదారు తక్కెడ వదిలేసి వచ్చి, ఎవరూ అడక్కుండానే వెనక నుంచి తోయసాగాడు.

హెచ్చరిక ఆరిపోయింది.

"స్టార్టయిందండీ, ఇక వదిలేయండి. రైలుకి టైమవుతోంది" అన్నాను కిటికీలోంచి.

"ఏడ స్టార్టయింది సార్? ఆవాజే లేదు!"

ఇంజన్ చప్పుడు వినపడకపోయేసరికి, కారు కదిలినా ఆయనకు నమ్మకం కుదరలేదు.

"మళ్ల ఆగితే రైలు పోతది. మీరు నడువున్రి, నేను ఎన్కనే వస్త" అంటూ స్కూటర్ తీశాడు.

స్టేషన్ గేటు దాకా ఆ స్కూటర్ చప్పుడు మా వెనకే వచ్చింది. దిగి థాంక్స్ చెబుదామని తిరిగేసరికి, చెయ్యి ఊపి వెళ్లిపోతున్నాడు. అక్కడ తక్కెడలో బత్తాయిలు ఇంకా అలాగే ఉండి ఉంటాయి.